పురాతన టీ, కాఫీ కూజాలు (ఇంగ్లాండు)

పురాతన టీ, కాఫీ కూజాలు అనగా నూరేళ్ళు పైబడిన వెండి లేదా వెండిపూత పాత్రలు. ఇంగ్లాండులో తయారైన వెండి పాత్రలపై హాల్‌మార్కు అనబడే పరీక్షాముద్రలు ఉండుట వలన వాటి వయస్సును, తయారైన నగరాన్ని తెలుసుకొనవచ్చును.

ఆకారం

కాఫీ కూజా సాధారణంగా పొడవుగాను, టీ కూజా పొట్టిగా, గుండ్రంగాను ఉంటుంది. ఆకులు జారకుండా టీ కూజా కొమ్ము మొదట్లో లోపలివైపు చిల్లులుంటాయి. (మన కొమ్ముచెంబుకు ఈ జల్లెడ ఉండదు.) అయితే ఆకారాన్ని మాత్రమే నమ్మరాదు. బర్క్లీ ప్రభువు 1670లో ఈస్టిండియా కంపెనీ కమిటీకి బహూకరించిన వెండి కూజా లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. చూడటానికి అది అచ్చం కాఫీ కూజాయే. దానిపై చెక్కిన వ్రాత వలననే టీ కూజా అని తెలుస్తున్నది.

ముద్రలు

నడుస్తున్న సింహం 92.5 శాతం వెండికి గుర్తు. చిరుత తల లండన్‌ను, లంగరు బర్మింగ్‌హామ్‌ను, కిరీటం షెఫీల్డ్‌ను సూచిస్తాయి. ఒక అక్షరం సంవత్సరాన్ని, పొడి అక్షరాలు పనివానిని తెలుపుతాయి. రాజు లేదా రాణి తల ఉంటే 1784-1890 మధ్య పన్ను చెల్లించిన వస్తువని అర్థం. మూతపై కూడా కొన్ని ముద్రలుంటాయి. అవి అడుగున ఉన్నవాటితో సరిపోలకపోతే మూత వేరొక పాత్రది కావచ్చు.

వెండిపూత పాత్రలు

కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. రాగి రేకుపై వెండి రేకును వేడితో అతికించే షెఫీల్డ్ ప్లేటు పద్ధతి 1740లలో మొదలైంది. 1840లో ఎల్కింగ్టన్ సంస్థ విద్యుత్తుతో పూత వేయుటకు పేటెంటు పొందింది. ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే నికెల్ సిల్వర్‌పై పూత అని అర్థం. పేరులో సిల్వర్ ఉన్నా ఆ మిశ్రమం రాగి, నికెల్, జింకులది. అందులో వెండి లేదు. కొందరు తయారీదారులు ఈ అక్షరాలను హాల్‌మార్కులవలె చిన్న డాలు గుర్తుల్లో వరుసగా కొట్టేవారు.

విలువ కట్టుట

వెండి కూజాకు కనీసం లోహపు విలువ ఉంటుంది. తూచేటపుడు కర్రపిడి బరువును తీసివేయాలి. పాల్ డి లామెరీ, పాల్ స్టోర్, హెస్టర్ బేట్‌మన్ వంటివారి ముద్ర ఉంటే ధర అనేక రెట్లు పెరుగుతుంది. అరిగిన ముద్రలు, అతుకులు, తరువాతి కాలంలో చెక్కిన నగిషీ ధరను తగ్గిస్తాయి. పాత వంశచిహ్నాన్ని చెరిపివేసినచోట రేకు పలుచబడి, వేలితో నొక్కితే లొంగుతుంది. షెఫీల్డ్ ప్లేటులో ఎర్రగా రాగి కనిపించినంత మాత్రాన తిరిగి పూత వేయించరాదు, దాని వలన విలువ పడిపోతుంది.

భారతదేశంలో

మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్ 19వ శతాబ్దంలో దేవతామూర్తులు చెక్కిన "స్వామి" శైలి టీ పాత్రలు చేసింది. ఇటువంటివాటిపై ఇంగ్లాండు పరీక్షాముద్రలు ఉండవు గనుక తయారీదారు పేరే ఆధారం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాత్మక వస్తువులను వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు.