లష్కరు నుండి లోకమునకు

పాఠశాలలకు క్రిస్మస్ సెలవులిచ్చి, ఆఫీసులలో ఏడాది సెలవు వాడుకొననిచో మురిగిపోవునను తొందర పుట్టినంతనే, సికింద్రాబాదులో నలుగురైదుగురు స్నేహితులొక జట్టుగా చేరి, పది దినములలో మూడు నాలుగు నగరములు చుట్టివచ్చునట్లు విదేశయాత్రకు బయలుదేరుట యిప్పుడు సర్వసాధారణమైనది. ఒక జట్టు సింగపూరు, కౌలాలంపూరు, బాంకాకులను గొలుసుగా చూచివచ్చును. మరియొక జట్టు పారిస్‌లో దిగి, ప్రాగ్‌లో మంచు త్రొక్కి, వియన్నాలో విమానమెక్కును. దీనిని కంప్యూటరు కొలువుల జీతములు తెచ్చిన వేడుకయని తేల్చివేయుట సులభమే గాని, ఈ యూరి పూర్వవృత్తాంతమెరిగినవారు ఆ మాట నంగీకరింపరు. జట్టుకట్టి ఊరూరు దాటిపోవుట యిచట క్రొత్త గాదు. కేవలము వినోదమునకై పోవుచున్నామని నలుగురి యెదుట నిస్సంకోచముగా చెప్పుకొనుట మాత్రము క్రొత్త. అంతకు మునుపు ప్రతి యాత్రకును ఒక పనియో, ఒక మ్రొక్కో, ఒక యాజ్ఞయో ముందు నడువవలసి యుండెను.

ఆ మాటకు వచ్చిన, ఈ యూరే పరదేశీయుల మజిలీగా పుట్టినది. 1798లో నిజాముతో కుదిరిన సైన్యసహకారపు సంధి వలన ఇంగ్లీషు దండు హుస్సేన్‌సాగరమునకు ఉత్తరపు బయళ్ళలో డేరాలు వేసెను. ఆ విడిదికి 1806లో నాటి ప్రభువగు సికందర్‌జా పేరు పెట్టబడెను. రాతకోతలలో సికింద్రాబాదు, జనుల నోట లష్కరు. దండుతోపాటు తమిళ మొదలియార్లు, పారసీక వర్తకులు, ఉత్తరదేశపు సిపాయిలు, వారి వెంట వంటవారు, చాకళ్ళు, డోలీబోయీలు వచ్చి స్థిరపడిరి. ఊరిలో నధికభాగము 1945లో నిజాము ప్రభుత్వమునకు తిరిగి స్వాధీనమగువరకు ఇంగ్లీషువారి పాలనలోనే యుండుటచే, చెరువుకట్ట కాచివర నిజాము హాలీ సిక్కా, ఈచివర ఇంగ్లీషువారి కల్దారు రూపాయి చలామణీ యగుచుండెను. భాగ్యనగరవాసి కట్టమీద జట్కాబండిలో వచ్చి, సుమారు ఏడు హాలీలకు ఆరు కల్దారుల చొప్పున మారకము చేసికొని, జేమ్సు వీధిలో బేరమాడి, దీపాలవేళకు ఇల్లు చేరుకొనెడివాడు. సముద్రము దాటనక్కరలేకయే, ఒక చెరువు దాటినంతనే పరరాజ్యము చూచిన ఘనత అతనికి దక్కినది.

ఈ లష్కరునుండి దూరదేశము పోయివచ్చిన తొలి జట్లలో ఒకదాని కథ నేటికిని ఏటేట ఆషాఢమున వీధులలో పునశ్చరణ మగుచున్నది. 1813లో ఈ జంటనగరములలో మహామారి వ్యాపించి వేలకొలది ప్రాణములను బలిగొన్నదనియు, అప్పుడు దండుతో ఉజ్జయినికి పోయియుండిన సూరిటి అప్పయ్యయను డోలీమోయువాడు, తోడివారితో అచటి మహాకాళి సన్నిధిని నిలిచి, తనవారు బ్రతికి బట్టకట్టినచో తల్లిని తమ యూరికి తెచ్చి నిలుపుదునని మ్రొక్కుకొనెననియు, మరలివచ్చి 1815లో కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెననియు ఉజ్జయినీ మహంకాళి యాలయపు ఐతిహ్యము. అప్పయ్య యాత్రికుడుగా పోలేదు. పటాలము నడిచిన చోటికి డోలీ నడిచినది, డోలీతో అతడు నడిచినాడు. అయినను నగరములు తిరిగి వచ్చినవాడు తన యూరికి తెచ్చిన కానుకలలో అంతకన్న చిరకాలము నిలిచినది మరియొకటి యున్నదా? లష్కరు బోనాలనాడు వేపమండలు చెక్కిన ఘటములను నెత్తినిడుకొని వరుసగట్టు పడతులందరును, ఎరిగియో యెరుగకయో, ఒక బోయీ ప్రయాణమును స్మరించుచున్నవారే.

జట్టు ప్రయాణమునకు శాస్త్రమువంటి గ్రంథమును మనకిచ్చినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన, 1830 మే 18న ఇంటివారితోను, పల్లకీబోయీలతోను, డేరాలు మోయువారితోను కాశికి బయలుదేరి, శ్రీశైలముమీదుగా భాగ్యనగరమునకు వచ్చి, నాగపూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచుకొని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. దారిపొడుగున మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపిన వృత్తాంతమే 1838లో కాశీయాత్రచరిత్రగా నచ్చుపడెను. నేడు ఫోనులో వసతిగృహముల గుణదోషములు చదువుకొని గది కుదుర్చుకొను జట్టు, ఆ గ్రంథమును తెరచి చూచినచో ఆశ్చర్యపడును. ఈ మజిలీ ఎన్ని ఆమడలు, బాట యెట్టిది, నీరు మంచిదా, బియ్యము పప్పు దొరకునా, దిగుటకు సత్రమున్నదా చెట్టునీడయేనా యని ప్రతి దినమును ఆయన వ్రాసిపెట్టెను. తీర్థయాత్రయను మిషతో బయలుదేరిన ఆ పెద్దమనిషి మనుష్యుల ఆచారములను, దొరతనముల తీరులను, బజారులను, చెరువులను ఎంత తనివితీర చూచెనో పుటపుటయు చెప్పుచున్నది. పుణ్యము సంచిలో పైన, వినోదము అడుగున సర్దుకొని పోవుట నాటి మర్యాద.

1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చుటతో ఆ మర్యాదకు వేగము తోడయ్యెను. వాడీయొద్ద బొంబాయి రైలునందుకొన్నచో, అటుపై ఓడరేవు. అప్పటికి ఐదేండ్ల క్రిందటనే సూయజు కాలువ తెరవబడియుండుటచే ఐరోపా మూడు వారముల దూరమున నిలిచెను. రెండేండ్లు తిరుగకమునుపే, 1876లో, దివాను మొదటి సాలార్జంగు పరివారసమేతుడై బొంబాయిలో నోడనెక్కి, రోములో పోపును దర్శించి, పారిస్‌లో మెట్లపై జారి కాలు విరుగగొట్టుకొని, ఆ నొప్పితోనే లండను చేరి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారి గౌరవపట్టమును స్వీకరించెను. పోయిన పని ఇంగ్లీషువారి చేత చిక్కిన బేరారు ప్రాంతమును తిరిగి రాబట్టుట. ఆ పని నెరవేరలేదు. కాని రోములో బెన్‌జోనీయను శిల్పియొద్ద కొన్న మేలిముసుగు రెబెకా నేటికిని సాలార్జంగు మ్యూజియములో చూపరులను నిలువరించుచున్నది. ఒకే పాలరాతిలో ముఖమును, ముఖముపై తడిసి యంటుకొన్నట్లున్న పలుచని ముసుగును చెక్కిన ఆ నేర్పును చూచుచు నిలిచినవారిలో బేరారు మాట తలచువారెందరు? ఆ సంవత్సరముననే చెన్నపట్టణమున పోతము జానకమ్మ రాఘవయ్యగారి ఇంగ్లండు యాత్రావృత్తాంతము, ఆమె తెలుగున వ్రాసికొన్నదానికి ఇంగ్లీషురూపముగా, వెలువడినది. ఇంటి గడప దాటుటకే అనుమతి కావలసిన కాలమున ఒక తెలుగు స్త్రీ సముద్రము దాటి, చూచినదానిని వ్రాసియుంచుట సామాన్యము గాదు.

సముద్రయానము నిషిద్ధమను శంక యింకను తొలగని ఆ దినములలో, పరదేశయాత్రకు బహిరంగసమర్థన మొకటి ఈ యూరిలోనే వినబడినది. 1893 ఫిబ్రవరి 13న మహబూబ్ కళాశాలలో వివేకానందస్వామి పాశ్చాత్యదేశములలో తాను చేయదలచిన కార్యమును గూర్చి ఉపన్యసింపగా, వినుటకు సుమారు వేయిమంది చేరిరి. నవాబు ఖుర్షీద్‌జా ప్రయాణపు ఖర్చునకు వేయి రూపాయలిత్తునన్నను, సమయము వచ్చినపుడు తీసికొందునని స్వామి అప్పటికి వలదనెను. మే 31న బొంబాయిలో నోడనెక్కి, కొలంబో, పెనాంగు, సింగపూరు, హాంకాంగు, నాగసాకి, యోకొహామాలు చూచుకొని ఆయన అమెరికా చేరెను. నేటి మన జట్లు సెలవులకు పోవు తూర్పుదేశపు నగరములలో సగము ఆ పట్టికలోనే యున్నవి.

మిషతో పనిలేని యాత్ర సాధ్యపడుటకు మరి నూరేండ్లు పట్టినది. 1945లో నిజాము రైల్వే పెట్టుబడితో డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టి, బేగంపేటనుండి విమానములు నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయెను. రెక్కలు వచ్చినవి గాని రొక్కము రాలేదు. విదేశీ మారకపు కరవున దేశము దాటువాని చేతికి 8 డాలర్లు మాత్రమే దక్కిన రోజులుండెను. సేవాకేంద్రములు నగరమున పలుచోట్ల వెలయక మునుపు పాస్‌పోర్టు కావలసినవారు లష్కరునకే రావలసియుండెను. కుమ్మరిగూడ కార్యాలయము ముందు తెల్లవారకముందే వరుసకట్టి, దరఖాస్తు నింపిపెట్టువానికి పది రూపాయలిచ్చి, ఫోటో వెనుక జిగురు సరిగా నంటినదో లేదోయని పలుమార్లు వ్రేలితో నొక్కి చూచుకొని, కొలువుకో చదువుకో పోవువారు అచట నిలిచిరి. విహారమునకని వచ్చినవారు అరుదు. 2004లో రిజర్వు బ్యాంకు ఏడాదికి 25,000 డాలర్లవరకు కారణములు వెదకక పంపుకొనవచ్చుననెను; 2008 మార్చిలో బేగంపేట మూతపడి శంషాబాదు తెరచుకొనెను; 1985లో షెంగెన్ గ్రామమున కుదిరి పదేండ్లకు అమలైన యొడంబడిక వలన ఒక్క వీసాతో పలుదేశముల హద్దులు దాటుట అప్పటికే సులభమైయుండెను. అడుగడుగున సుంకపు చౌకీలు ఎదురైన కాలపు బాటసారులకు ఈ వైభవము స్వప్నమునందైనను తోచి యుండదు.

సెలవు మాత్రము లష్కరు పెట్టిన భిక్షయే. మన పెద్దలకు దసరాయు సంక్రాంతియు తెలియును గాని, డిసెంబరు కడపటి వారము ఇంగ్లీషు పటాలముల, చర్చిబడుల పంచాంగమునుండి వచ్చినది. ఆ సెలవులలో ఒకనాడు దండు పోలో ఆడినది. నేడు దండు వీధుల మనుమలు జనరల్ బజారులో ఉన్నిటోపీలు కొని, పులిహోరపొడియు చేగోడీలును సర్దుకొని మంచుదేశమునకు పోవుచున్నారు.

పూర్వపు యాత్రికులందరును ఎవరికో ఒకరికి లెక్క చెప్పవలసినవారే: అప్పయ్య అమ్మవారికి, వీరాస్వామయ్య మిత్రునికి, సాలార్జంగు ప్రభువునకు, స్వామి తన్ను పంపినవారికి. ఆ బాధ్యతయే వారిచేత ఏదో యొకటి తెప్పించినది, వ్రాయించినది, నిలిపించినది. నేటి జట్టు ఎవరికిని జవాబుదారి కాదు. ఆ స్వేచ్ఛ కష్టార్జితము, దానిని నిందించుట తగదు. అయినను ప్రతి జట్టులోను టాక్సీకెంత, కాఫీకెంత, ఎవరికెంత బాకీయని రాత్రిపూట కూర్చుండి కూడికలు వేయువాడొక డుండును. అంకెలప్రక్కనే ఆ కాఫీ బాగుండెనా, ఆ వీధికి నడిచి పోవచ్చునా, ఆ యింటివారు తెలుగువారి నాలుకకు రుచించునట్లు వండిరా యని రెండేసి మాటలు గూడ అతడు వ్రాసియుంచినచో, ఖర్చుల చిట్టాయే కాశీయాత్రచరిత్రకు వారసురాలగును. రాబోవు డిసెంబరున బయలుదేరు మరియొక జట్టుకు అది పనికివచ్చును.