మాజీ సైనికులకు ఉద్యోగ ప్రాధాన్యం: అమెరికా రాష్ట్రాల చట్టాలు

సైన్యం నుంచి గౌరవంగా విడుదలైనవారిని ప్రభుత్వోద్యోగ నియామకాల్లో ముందుకు తెచ్చే ఏర్పాటును అమెరికాలో ‘వెటరన్స్ ప్రిఫరెన్స్’ అంటారు. సమాఖ్య ప్రభుత్వ కొలువులకు 1944 నాటి చట్టం వర్తిస్తుంది. రాష్ట్ర, పురపాలక ఉద్యోగాల విషయంలో మాత్రం ఏ రాష్ట్ర శాసనసభ చట్టం దానిదే.

తెలుగు పాఠకులకు తెలిసిన ‘ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా’ ఇలాంటిది కాదు. భారత ప్రభుత్వం 1979లో చేసిన నిబంధనలు కేంద్ర గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం మాజీ సైనికులకు కేటాయించాయి. అక్కడ కొన్ని పోస్టులను పక్కన పెడతారు, మిగతావాటికి మిగతావాళ్లు పోటీ పడతారు. అమెరికా పద్ధతి పోస్టులను విడదీయదు, అర్హుల జాబితానే మార్చేస్తుంది. ఆ మార్పు ఎంత అన్న దగ్గరే రాష్ట్రాలు వేరుపడతాయి. కొన్ని రాష్ట్రాల్లో పరీక్ష మార్కులకు మరికొన్ని కలుపుతారు. న్యూయార్క్‌లో కొత్త నియామకమైతే 5, అంగవైకల్యం పొందిన సైనికుడికైతే 10. మరికొన్ని రాష్ట్రాల్లో పరీక్ష గట్టెక్కిన మాజీ సైనికులందరి పేర్లూ జాబితా పైకి చేరతాయి. మొదటిది మొగ్గు చూపడం. రెండోది తలుపు మూసినంత పని.

ఆ రెండో దారికి పేరుమోసిన రాష్ట్రం మసాచుసెట్స్. పలుకుబడి ఉన్నవాడికే ఉద్యోగమన్న పాత అలవాటును తప్పించి, పరీక్షల ద్వారా నియామకాలు మొదలుపెట్టిన తొలి రాష్ట్రాల్లో ఇదొకటి. 1884లో ఆ పద్ధతి తెచ్చినప్పుడే అంతర్యుద్ధంలో పోరాడినవారికి ప్రాధాన్యమూ ఇచ్చింది. తర్వాత శాసనసభ ఉత్సాహం హద్దు దాటి, వారికి పరీక్ష కూడా అక్కర్లేదన్నది. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1896లో దాన్ని కొట్టేసింది. పరీక్ష తప్పనిసరి అయింది గానీ పాసైతే పై వరుస మాత్రం నిలిచింది. ముందు అంగవైకల్యం పొందిన సైనికులు, తర్వాత ఇతర మాజీ సైనికులు, ఆపై యుద్ధంలో మరణించినవారి భార్యలు, వితంతువులైన తల్లులు, చివరగా మిగతావారందరూ. 1970లలో ఈ హక్కుకు 90 రోజుల క్రియాశీల సేవ, అందులో కనీసం ఒక్కరోజు యుద్ధకాలంలో ఉంటే చాలు. రాష్ట్రంలోని ప్రభుత్వోద్యోగాల్లో సుమారు 60 శాతం దీని పరిధిలోకి వచ్చేవి.

హెలెన్ ఫీనీ ఆ రాష్ట్ర ఉద్యోగి. 1963లో పౌర రక్షణ సంస్థలో సీనియర్ క్లర్క్ స్టెనోగ్రాఫర్‌గా చేరి పై హోదాకు ఎదిగారు. 1971లో దంతవైద్య మండలిలో ఒక పోస్టుకు పరీక్ష రాస్తే రెండో అత్యధిక మార్కులు వచ్చాయి. జాబితాలో మాత్రం ఆమె స్థానం ఆరు. ఐదుగురు పురుష మాజీ సైనికులు ఆమెకు పైన నిలిచారు, ఆమెకన్నా తక్కువ మార్కులొచ్చిన ఒకరికి ఉద్యోగం దక్కింది. 1973లో మరో పరీక్ష రాస్తే ముందు 12 మంది మాజీ సైనికులు నిలబడ్డారు. వారిలో 11 మందికి ఆమెకన్నా తక్కువ మార్కులు. 1975లో ఆమె పనిచేస్తున్న సంస్థనే రద్దు చేశారు. ఈ ప్రాధాన్య చట్టం మహిళల పట్ల వివక్ష అంటూ ఆమె కోర్టుకెక్కారు.

చట్టంలో స్త్రీ, పురుష భేదం లేదు. నర్సులతో సహా ఎవరైనా మాజీ సైనికులేనని అది స్పష్టంగా చెప్పింది. భేదమంతా సైన్యం గడప దగ్గరుంది. 1948 నుంచి 1967 దాకా సమాఖ్య చట్టమే సైన్యంలో మహిళలు 2 శాతం మించకూడదన్నది. అందుకే ఈ కేసు నాటికి మసాచుసెట్స్ మాజీ సైనికుల్లో 98 శాతానికి పైగా పురుషులే. 1963-73 మధ్య జరిగిన 47,005 శాశ్వత నియామకాల్లో 43 శాతం మహిళలే కదా అని ప్రభుత్వపక్షం వాదించవచ్చు. కానీ ఆ మహిళల్లో చాలామంది, మగవాళ్లు దరఖాస్తు చేయని తక్కువ జీతపు పనుల్లో చేరారు. ఉద్యోగం పొందిన పురుషుల్లో 54 శాతం మాజీ సైనికులైతే, మహిళల్లో 1.8 శాతమే.

సమాఖ్య జిల్లా న్యాయస్థానం రెండుసార్లు ఫీనీ పక్షాన నిలిచింది. అమెరికా సుప్రీంకోర్టు 1979 జూన్ 5న 7-2 మెజారిటీతో ఆ తీర్పును రద్దు చేసింది. జస్టిస్ పాటర్ స్టివార్ట్ రాసిన తీర్పు ప్రకారం, మహిళలకు నష్టమని శాసనసభకు తెలిసినంత మాత్రాన సరిపోదు. నష్టం చేయాలన్న ఉద్దేశంతోనే చట్టం చేసినట్టు తేలాలి. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్, జస్టిస్ విలియం బ్రెన్నన్ విభేదించారు. ఇంత స్పష్టంగా కనిపించే ఫలితం ఉద్దేశం లేకుండా జరిగిందంటే నమ్మేదెలా అన్న ప్రశ్నకు మెజారిటీ ఇచ్చిన సమాధానం చట్టపరంగా గట్టిదే కావచ్చు, ఫీనీ మార్కుల పక్కన పెట్టి చూస్తే మాత్రం పేలవంగా ఉంది. ఈ తీర్పు తర్వాత, ప్రాధాన్యం ఎంత ఉండాలన్నది దాదాపుగా శాసనసభల విచక్షణకే మిగిలింది.

ఎవరికివ్వాలన్నది మాత్రం అలా మిగల్లేదు. సైన్యంలో చేరేనాటికి న్యూయార్క్ నివాసులై ఉంటేనే అదనపు మార్కులన్నది ఆ రాష్ట్ర రాజ్యాంగంలో నిబంధనగా ఉండేది. ప్యూర్టో రికోలో ఉండగా సైన్యంలో చేరి, తర్వాత న్యూయార్క్ నగరంలో స్థిరపడిన ఇద్దరు మాజీ సైనికులు పరీక్ష పాసైనా వారికి మార్కులు కలపలేదు. 1986లో సుప్రీంకోర్టు 6-3తో ఆ షరతును కొట్టేసింది. ఈసారి ప్రధాన అభిప్రాయం రాసింది బ్రెన్ననే. వలస వచ్చిన సైనికుడిని స్థానిక సైనికుడి వెనక నిలబెట్టే అధికారం రాష్ట్రానికి లేకుండా పోయింది.