పరిమిత మూలక పద్ధతి

పరిమిత మూలక పద్ధతి అనేది యంత్ర భాగాల పైన, కట్టడాల పైన బరువు పడినపుడు ఏ చోట ఎంత ప్రతిబలం ఏర్పడుతుందో అంచనా వేసే ఒక సంఖ్యాత్మక గణిత విధానం. ఇంజనీరింగ్ కళాశాలలలో దీనిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అనే వ్యవహరిస్తారు. ఇరుసులు, గేర్లు, విమానపు రెక్కలు మొదలుకొని జలాశయాల ఉక్కు గేట్ల వరకు అనేక వస్తువుల రూపకల్పనలో ఈ పద్ధతిపై ఆధారపడిన సాఫ్ట్‌వేర్లను ఉపయోగిస్తున్నారు.

పనిచేసే విధానం

యూనిట్ వైశాల్యంపై పనిచేసే అంతర్గత బలాన్ని ప్రతిబలం అంటారు. 1 మీటరు పొడవు, 1000 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల ఉక్కు కడ్డీని 100 కిలోన్యూటన్ల బలంతో లాగితే ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్లు అవుతుంది. ఉక్కు యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,00,000 న్యూటన్లు కనుక కడ్డీ 0.5 మిల్లీమీటరు సాగుతుంది. ఇంత వరకు కాగితం, కలం చాలు. అదే కడ్డీకి మధ్యలో రంధ్రం ఉన్నా, మందం ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉన్నా, బరువు వంకరగా పడినా ఈ సులభ సూత్రం పనికిరాదు. అట్టి ఆకారాలకు అవకలన సమీకరణాలను నేరుగా సాధించడం చాలా సందర్భాలలో అసాధ్యం.

ఈ పద్ధతిలో వస్తువును వేలకొలది చిన్న ముక్కలుగా విభజిస్తారు. ఒక్కొక్క ముక్కను మూలకం అని, మూలకాలు కలిసే బిందువులను నోడ్లు అని, మొత్తం అల్లికను మెష్ అని అంటారు. పై కడ్డీ వంటి మూలకానికి దృఢత్వం, అంటే దానిని యూనిట్ పొడవు సాగదీయడానికి కావలసిన బలం, వైశాల్యాన్ని యంగ్ గుణకంతో గుణించి పొడవుతో భాగిస్తే వస్తుంది. అన్ని మూలకాల దృఢత్వాలను ఒక పెద్ద మాత్రికలో కూర్చి, ఏ నోడు ఎంత కదులుతుందో కంప్యూటరు సాధిస్తుంది. కదలికల నుండి వికృతి, వికృతి నుండి ప్రతిబలం లభిస్తాయి. తెరపై కనిపించే రంగుల పటం ఈ చివరి మెట్టు మాత్రమే. సాధారణంగా ఎరుపు రంగు ఎక్కువ ప్రతిబలాన్ని, నీలం తక్కువ ప్రతిబలాన్ని సూచిస్తాయి.

చరిత్ర

రిచర్డ్ కూరంట్ 1943లో ప్రచురించిన గణిత వ్యాసంలో ఈ ఆలోచనకు మూలాలు కనిపిస్తాయి. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమాన నిర్మాణాలకు అన్వయిస్తూ రాసిన వ్యాసం దీనికి ఇంజనీరింగ్ రూపం ఇచ్చింది. ఇప్పటి పేరును రే క్లఫ్ 1960లో పెట్టాడు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1960వ దశకంలో నాస్ట్రాన్ అనే ప్రోగ్రామును తయారు చేయించింది. 1970లో జాన్ స్వాన్సన్ స్థాపించిన సంస్థ నుండి ఆన్సిస్ వచ్చింది. కాల్క్యులిక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా లభిస్తున్నందున విద్యార్థులు ఇంటి కంప్యూటరులోనే అభ్యాసం చేయవచ్చు.

ఈ శాస్త్రానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పాఠ్యగ్రంథాలలో తెలుగువారు రాసినవి ఉండటం విశేషం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన జె.ఎన్. రెడ్డి 1984లో వెలువరించిన పరిచయ గ్రంథం పలు ముద్రణలు పొందింది. ఆయనకు 2019లో టిమోషెంకో పతకం లభించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి సింగిరేసు ఎస్. రావు రాసిన గ్రంథం అంతకు కొద్ది సంవత్సరాల ముందే వచ్చింది.

జలాశయ గేట్లకు అన్వయం

మిరప, పత్తి సాగు విస్తారంగా ఉన్న గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో ఈ విషయం కేవలం పాఠ్యాంశం కాదు. కృష్ణా నదిపై ఉన్న పులిచింతల ప్రాజెక్టులో 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున, వరద నీటిని వదిలేందుకు గేట్లను ఎత్తుతున్న సమయంలో 16వ గేటు కొట్టుకుపోయింది. దాని స్థానంలో తాత్కాలికంగా స్టాప్‌లాగ్ దించడానికి జలాశయంలోని నీటిలో అధిక భాగాన్ని దిగువకు వదలవలసి వచ్చింది. ప్రకాశం జిల్లా మద్దిపాడు మండలం మల్లవరం వద్ద గల గుండ్లకమ్మ జలాశయంలో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరొక గేటు ఊడిపోయాయి. రెండుసార్లూ నిల్వ చేసిన నీరు వృథా అయింది.

పెద్ద ప్రాజెక్టుల స్పిల్‌వేలపై ఎక్కువగా కనిపించేది రేడియల్ గేటు. వంపు తిరిగిన ఉక్కు పలక నీటిని ఆపుతుంది. దాని వెనుక ఉన్న చేతులు ఆ బరువును ట్రనియన్లు అనే రెండు ఇరుసులకు చేరవేస్తాయి. గేటు పైకి లేచినపుడు ఈ ఇరుసుల చుట్టూ తిరుగుతుంది. ఉదాహరణకు 18 మీటర్ల వెడల్పు గల గేటు వెనుక 17 మీటర్ల ఎత్తున నీరు ఉంటే, అడ్డంగా పడే బరువు సుమారు 2,600 టన్నులు, అంటే ఒక్కొక్క ట్రనియన్‌పై 1,300 టన్నులు. ఇరుసు వ్యాసార్థం 20 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే గేటు కదిలేటపుడు ఇరుసు వద్ద 26 టన్ను-మీటర్ల భ్రామకం ఏర్పడుతుంది. కందెన ఎండిపోయి, తుప్పు పట్టి ఆ గుణకం 0.3కు పెరిగితే అది 78 టన్ను-మీటర్లు అవుతుంది. నొక్కుడు బలాన్ని మోయడానికి రూపొందించిన చేతులు అప్పుడు వంపును కూడా భరించాలి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1995 జూలై 17న ఫోల్సమ్ ఆనకట్ట 3వ గేటు విరిగిపోవడానికి కారణం ఇదేనని పరిశోధనలో తేలింది. మూల రూపకల్పనలో ట్రనియన్ ఘర్షణను లెక్కలోకి తీసుకోలేదు. ఏళ్ళ తరబడి తుప్పు వలన ఘర్షణ పెరుగుతూ వచ్చి, చివరికి గేటును ఎత్తే సమయంలో చేతులను కలిపే కమ్మీల అతుకు తెగిపోయింది.

కంప్యూటరు నమూనాలో ట్రనియన్‌ను ఘర్షణ లేని మడతబందుగా చూపడం చాలా సులభం. అలా చూపితే ఫోల్సమ్ వంటి గేటు చేతులు కూడా తెరపై నీలి రంగులో నిశ్చింతగా కనిపిస్తాయి. ఇది సాఫ్ట్‌వేర్ దోషం కాదు, ఇచ్చిన హద్దు షరతుల దోషం. పలక మందం విషయంలోనూ ఇంతే. 12 మిల్లీమీటర్ల పలక తుప్పు వలన 10 మిల్లీమీటర్లకు తగ్గితే, సాగదీత వలన కలిగే ప్రతిబలం 20 శాతం పెరుగుతుంది. వంపు వలన కలిగేది మందం వర్గానికి విలోమంగా మారుతుంది కనుక 44 శాతం పెరుగుతుంది. డ్రాయింగులోని మందంతో చేసిన విశ్లేషణ కొత్త గేటుకు మాత్రమే వర్తిస్తుంది.

ఫలితాలను సరిచూడటం

మెష్‌ను మరింత సన్నగా చేసి మరల లెక్కించడం మొదటి పరీక్ష. జవాబు పెద్దగా మారకపోతే దానిని నమ్మవచ్చు. అయితే లోపలికి తిరిగిన పదునైన మూలల వద్ద మెష్ సన్నబడిన కొద్దీ ప్రతిబలం అంతులేకుండా పెరుగుతుంది. అది గణితం సృష్టించిన సంఖ్యే గాని ఉక్కులో ఉండే ప్రతిబలం కాదు. ఆధారాల వద్ద వచ్చే ప్రతిచర్యల మొత్తం నీటి బరువుతో సరిపోవాలి. పై ఉదాహరణలో అడ్డ బలాల మొత్తం 2,600 టన్నులకు దగ్గరగా రాకపోతే నమూనాలో ఎక్కడో పొరపాటు ఉన్నట్లే. రంగుల పటం చూడడానికి ముందే ఈ కూడిక చేయడం మేలు.

భారతదేశంలో రేడియల్ గేట్ల నిర్మాణ రూపకల్పనకు ఐ.ఎస్. 4623 ప్రమాణం వర్తిస్తుంది. వాడుకలో ఉన్న గేటును విశ్లేషించేటపుడు అల్ట్రాసోనిక్ పరికరంతో పలకల మందాన్ని పలు చోట్ల కొలిచి ఆ అంకెలను నమూనాలో చేరుస్తారు. ఎంపిక చేసిన చోట్ల స్ట్రెయిన్ గేజీలు అతికించి, గేటును ఎత్తుతూ కొలిచిన వికృతిని కంప్యూటరు చెప్పిన వికృతితో పోలుస్తారు. ట్రనియన్ ఘర్షణ ఎంత పెరిగిందో ఈ పోలిక ద్వారానే అంచనా కట్టవచ్చు.