మన్యం జ్వరం నుంచి ఆంధ్రా కశ్మీర్ దాకా: మన కొండల వాతావరణానికి బయటివాళ్లు పెట్టిన పేర్లు

కొంచెం పెద్ద పోస్టు. ఇది మన చరిత్రే కాబట్టి ఓపిగ్గా చివరిదాకా చదవండి.

డిసెంబరు వచ్చిందంటే పేపర్లో మన గురించి ఒకటే హెడ్డింగు: ‘మన్యం గజగజ’. లంబసింగి ‘ఆంధ్రా కశ్మీర్’ అంటారు, అరకు ‘ఆంధ్రా ఊటీ’ అంటారు. కాలేజీలో మాది పాడేరు వైపు అని చెప్పగానే, ‘అబ్బా, మీకేం, ఏడాదంతా ఏసీలో ఉన్నట్టే’ అంటారు. ఇంకొందరైతే, ‘అక్కడ దోమలు, జ్వరాలూ అంట కదా’ అని భయపడతారు. ఒకే కొండ గురించి ఈ రెండు మాటలు ఎలా పుట్టాయి? పాత పుస్తకాలు తిరగేసి, పెద్దవాళ్లని అడిగి మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు పుట్టింది జ్వరం మాట. 1839లో బ్రిటిష్ వాళ్లు ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు పరిపాలన నుంచి విడదీసి కలెక్టరు చేతిలో పెట్టారు. ఆ కలెక్టరునే ‘ఏజెంటు’ అనేవాళ్లు. మనం ఇప్పటికీ వాడే ‘ఏజెన్సీ’ అన్న పేరు అక్కడిదే. కింద నుంచి వచ్చే ఉద్యోగులకు ఏజెన్సీ అంటే జ్వరమే. అక్కడికి బదిలీ అంటే శిక్ష. అప్పట్లో ఈ జ్వరం చెడ్డ గాలి వల్ల వస్తుందని నమ్మేవాళ్లు. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో అర్థమే ‘చెడ్డ గాలి’. అంటే తప్పంతా మన గాలిది, మన వానది, మన అడవిది అన్నమాట. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాకే అసలు కారణం బయటపడింది. కానీ మన గాలికి వచ్చిన చెడ్డపేరు మాత్రం అంత తొందరగా పోలేదు.

అరకు వెళ్లే దారిలో గాలికొండ ఉంది కదా, ఇప్పుడు అందరూ ఆగి ఫొటోలు దిగే చోటు. చల్లగా ఉంటుందని 19వ శతాబ్దంలో తెల్ల సైనికులకు ఆ కొండ మీద ఆరోగ్య విడిది పెట్టాలని చూశారు. జ్వరాలు తగిలేసరికి వదిలేసి దిగిపోయారు. అదే గాలి, అదే చలి. అప్పుడు భయపెట్టింది, ఇప్పుడు టికెట్టు కొనిపిస్తోంది.

మన జ్వరమే మనకు కోట, దానివల్లే బయటివాళ్లు రాలేదు అని మనవాళ్లలో కొందరు గర్వంగా చెబుతారు. అందులో కొంత నిజం ఉంది. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన సైన్యంలో చాలామంది జ్వరాలతో పడిపోయారు. కానీ ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. కల్లు మీద పన్ను వేశారు, పోడు మీద ఆంక్షలు పెట్టారు, మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పుల పేరుతో మనవాళ్లను కోర్టులకు లాగారు. వీళ్లెవరినీ జ్వరం ఆపలేదు. బడి రాకుండా ఆపింది, డాక్టరు రాకుండా ఆపింది. పన్ను మాత్రం వచ్చింది. ఆ కోటలో చనిపోయింది ఎక్కువగా మన పసిపిల్లలే.

రోడ్డు సంగతీ అంతే. 1920ల మొదట్లో నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లి కొండల్లోకి రోడ్డు వెయ్యడానికి బాస్టియన్ అనే అధికారి మనవాళ్లతో నామమాత్రపు కూలికి బలవంతంగా పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేయడం వెనక ఉన్న కోపాల్లో ఇదీ ఒకటి. ఇవాళ లంబసింగి మంచు చూడ్డానికి కార్లు ఎక్కేది కూడా ఆ నర్సీపట్నం వైపు నుంచే. ఆ కార్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

స్వాతంత్ర్యం వచ్చాక 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంటింటికీ డీడీటీ కొట్టారు. జ్వరాలు తగ్గాయి, అది మంచిదే. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. కొండల్ని తొలిచి యాభైకి పైగా సొరంగాలు తవ్వింది మన ప్రయాణాల కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం. తర్వాత ఆ దారే అందాల దారి అయింది. 2017లో అద్దాల బోగీలు కూడా వచ్చాయి. భయం పోయింది, దారి పడింది, దాంతో చెడ్డ గాలి కాస్తా ‘చల్లని గాలి’ అయిపోయింది.

గాలికి ధర వస్తే భూమికీ ధర వస్తుంది. ఏజెన్సీ భూముల మీద 1917లోనే చట్టం ఉంది. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1970 నాటి సవరణ వచ్చాయి. దాన్నే మనం ‘1/70’ అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరు మీదకి వెళ్లకూడదన్నది దాని సారం. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు కూడా, ప్రైవేటు కంపెనీలకు ఇక్కడ లీజులు ఇవ్వకూడదని చెప్పింది. ‘ఆంధ్రా ఊటీ’ అన్న పేరు వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పేరు వెనకాలే బినామీ పేర్లతో కాటేజీలు కూడా వస్తాయి. అందుకే వాతావరణం గురించి మాట్లాడుతూ చట్టం గురించి రాస్తున్నాం.

ఇప్పుడు హాస్టల్ సంగతి. జ్వరాల రోజుల్లో ‘కొండవాళ్లకు ఏం కాదు, వాళ్లకు అలవాటే’ అనేవాళ్లు. ఇప్పుడు హాస్టల్లో దుప్పట్లు ఆలస్యమైనా, వేడినీళ్లు రాకపోయినా వినిపించే మాట అదే: ‘మీకు చలి అలవాటే కదా’. చలి ఎవరికీ అలవాటు కాదు. ఇంట్లో అయితే పొయ్యి చుట్టూ పడుకుంటాం, నెగడు వేసుకుంటాం. హాస్టల్లో పొయ్యీ లేదు, నెగడూ లేదు. ఉన్నది సిమెంటు గచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. మలేరియా ఎక్కువగా ఉన్నచోట తరతరాలుగా బతికిన జనాల్లో సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా కనిపిస్తుంది. మన ఏజెన్సీలోనూ ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే అది తీవ్రమైన మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే రక్తహీనత, భరించలేని ఒళ్లునొప్పులు వస్తాయి. అంటే ‘అలవాటు’ అని వాళ్లు తేలిగ్గా అన్నదానికి మన రక్తం కట్టిన ఖరీదు ఇది. ఆ జబ్బు ఉన్నవాళ్లకు చలి, చన్నీళ్ల స్నానం నొప్పుల్ని రేపుతాయి. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష ఉచితం. ఇంకా చేయించుకోనివాళ్లు సిగ్గుపడకుండా చేయించుకోండి.

మరి మన కాలాలు మనకు ఎలా ఉంటాయి? మన ఏడాది మంచుతో మొదలవదు. చైత్రంలో ఇటుకల పండగ, విత్తనాలకు పూజ, వేట. ఎండల్లో చింతపండు, అడ్డాకులు. తొలకరికి సామలు, కొర్రలు, చోళ్లు చల్లడం. పంట చేతికొచ్చినప్పుడల్లా ఒక్కో ‘కొత్త’ పండగ. వానాకాలంలో గెడ్డలు పొంగి దారులు తెగి, గర్భిణిని డోలీలో మోసుకెళ్లే రోజులు. తర్వాత వలిసె పూలు. టూరిస్టులు చూసేది ఆ పచ్చటి పూల నెల ఒక్కటే. మిగతా నెలల్లో కూడా మనం ఇక్కడే ఉంటాం.

మంచు అందంగా లేదని మేము అనడం లేదు. ఇంటికెళ్లినప్పుడు మేమూ ఆ మంచులోనే పొద్దున్నే నిలబడతాం. వచ్చేవాళ్లు రావాలి, మనవాళ్ల కాఫీ, పసుపు, రాజ్మా కొనాలి. మన గాలి విషమని ఒక కాలం అంది, స్వర్గమని ఇంకో కాలం అంటోంది. రెండుసార్లూ ఆ గాలి పీల్చే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలని ఈ పోస్టు రాశాం.

చివరిగా మూడు పనులు. మీ హాస్టల్లో దుప్పట్లు, వేడినీళ్ల కోసం నవంబరు కంటే ముందే అందరూ సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. మీ ఊళ్లో కాటేజీ కడుతుంటే ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో గ్రామసభలో అడగండి. సెలవులకి వెళ్లినప్పుడు మీ తాతల్ని, అమ్మమ్మల్ని అడిగి నెలల పేర్లు, వానల పేర్లు కువిలోనో, కోయలోనో, ఆదివాసీ ఒడియాలోనో, మీ ఇంట్లో ఏ భాష ఉంటే ఆ భాషలో రాసుకుని కింద కామెంట్లో పెట్టండి. అన్నీ కలిపి ఒక పట్టికగా చేసి ఇదే గ్రూపులో పెడతాం.

జోహార్.