అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదివే పిల్లలు ఎంత పని చేయొచ్చు?

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అదీ క్యాంపస్‌లోనే: లైబ్రరీ, క్యాంటీన్, ల్యాబ్ లాంటి చోట్ల. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు.

చిక్కంతా క్యాంపస్ బయటే. లోన్ వాయిదా గుర్తొచ్చి హైదరాబాద్ పిల్లలు కొందరు పెట్రోల్ బంకుల్లో, హోటళ్లలో నగదుకు పని చేస్తుంటారు. మనవాళ్ల షాపే కదా అనుకుంటే పొరపాటు. యజమాని ఎవరైనా సరే, అనుమతి లేని పని వీసా నిబంధనల ఉల్లంఘనే. బయటపడితే సెవిస్ రికార్డు రద్దయి చదువు ఆగిపోవచ్చు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంట్లో అనుకోని కష్టం వచ్చి డబ్బు ఆగిపోతే, ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక బయట పనికి యూఎస్‌సీఐఎస్ అనుమతి కోరే దారి ఉంది. ఇది చాలా ఇళ్లలో తెలియదు.

కోర్సులో భాగమైన ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ, చదువయ్యాక 12 నెలల ఓపీటీ, స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు. అయితే సీపీటీని ఫుల్‌టైమ్‌గా 12 నెలలు వాడేస్తే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ పోయినట్టే. ఏ పని ఒప్పుకునే ముందైనా రూమ్మేట్‌ని కాదు, యూనివర్సిటీలోని డీఎస్‌ఓను అడగాలి.