ఆరడుగుల తాడు

న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, అడిరాండాక్ కొండల్లో ఫిష్ క్రీక్ పాండ్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. గుడారాలు వేసుకునే చోట్లలో ఎక్కువ భాగం నీటి ఒడ్డునే ఉంటాయి. కుక్కను వెంటబెట్టుకుని వెళ్తే రేబిస్ టీకా వేయించినట్టు కాగితం చూపాలి. లోపల ఉన్నంతసేపూ కుక్క మెడకు తాడు ఉండాలి, ఆ తాడు ఆరడుగులు మించకూడదు. మనుషులు ఈదే ఒడ్డుకు కుక్క రాకూడదు. అదే కొండల అంచున ఉన్న లేక్ జార్జ్ దీవుల్లోని ప్రభుత్వ క్యాంపులకైతే కుక్కను తీసుకెళ్లడమే నిషేధం. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలావరకు అక్కడికి వెళ్లాకే కుక్కను ఇంట్లో పెంచడం, వేసవిలో అడవికి వెళ్లి గుడారంలో పడుకోవడం అలవాటు చేసుకున్నాయి. అలాంటివాళ్లకు ఈ నిబంధనలు చదివితే, కుక్క అంటే వీళ్లకు ఎందుకింత అనుమానం అనిపిస్తుంది. నిజానికి అనుమానం కాదు. ఆ తాడు మీద ఉన్న ఒక్కో ముడీ ఎక్కడో ఒక జంతువుకో మనిషికో తగిలిన దెబ్బ తర్వాత పడినదే. మనుషులు అడవికి ఏ పని మీద వెళ్లారో, దాన్నిబట్టే గుడారం దగ్గర కుక్క స్థానం మారుతూ వచ్చింది.

మొదట్లో కుక్క గుడారానికి అతిథి కాదు, గుడారాన్ని మోసే కూలి. ఇల్లినాయ్‌లో సుమారు పదివేల ఏళ్ల కిందట మనుషులు శ్రద్ధగా పాతిపెట్టిన కుక్కల ఎముకలు దొరికాయి, బంధం అంత పాతది. గుర్రాలు రాకముందు అమెరికా మైదానాల్లో తిరిగే ఆదివాసులకు బరువు లాగే జంతువు కుక్క ఒక్కటే. రెండు వాసాలను దాని భుజాల దగ్గర కలిపి కట్టి, వెనక కొసలను నేల మీద ఈడ్చుకుపోనిచ్చేవాళ్లు. వాసాల మధ్య అడ్డంగా కట్టిన చట్రం మీద తోలు, ఎండు మాంసం, కట్టెలు. దీన్ని ట్రావోయ్ అంటారు. హిడాట్సా వంటి తెగల్లో కుక్కలను పెంచి, ఈ పనికి మలిచేది ఆడవాళ్లే. కుక్క లాగగలిగినంత తోలుతోనే గుడారం కుట్టుకోవాలి కాబట్టి, ఇంటి పొడవు వెడల్పులను నిర్ణయించింది కూడా కుక్క బలమే. గుర్రాలు వచ్చాకే టీపీలు అనే ఆ గుడారాలు పెద్దవయ్యాయి. క్యాంపింగ్ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా కాన్వాసు గుడారాలతో, తెల్లవాళ్ల విహారాలతో మొదలుపెడతారు. ఈ మొదటి అధ్యాయం విడిచిపెడితే మిగతాదంతా వంకరగా కనిపిస్తుందని నా నమ్మకం.

1803లో అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ ఇరవై డాలర్లిచ్చి సీమన్ అనే న్యూఫౌండ్‌లాండ్ కుక్కను కొన్నాడు. తోటి నాయకుడు క్లార్క్‌తో కలిసి పసిఫిక్ తీరం దాకా సాగిన ఆ ప్రయాణపు దినచర్యల్లో కుక్క చేసే పనులన్నీ కనిపిస్తాయి. నదిలో పడ్డ వేటను ఈదుకెళ్లి పట్టుకొచ్చేది. 1805 మే నెలలో గాయపడిన బీవర్ ఒకటి దాని వెనకకాలు కొరికితే, తెగిన రక్తనాళాన్ని కట్టడి చేయడానికి లూయిస్ నానా తంటాలు పడ్డాడు. బతకదేమో అనుకున్నాడు. కానీ కోలుకుంది. ఆ కాటు పడ్డ పది రోజులకే అర్ధరాత్రి ఒక అడవిదున్న నదిలోంచి బయటికి వచ్చి, నిద్రపోతున్న మనుషుల తలలకు జానెడు దూరంలో దూకుతూ నాయకుల గుడారం మీదికి వచ్చింది. సీమన్ మొరిగి దాన్ని పక్కకు మళ్లించింది. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోట రాత్రంతా అది కాపలా కాసింది. మరుసటేడు స్థానికులు కొందరు దాన్ని తోలుకుపోతే, లూయిస్ ముగ్గురు మనుషులను వెంటపంపి తిరిగి తెప్పించుకున్నాడు. దోమల బాధకు కుక్క ఊళ పెట్టిందని కూడా రాశాడు. సరస్సు ఒడ్డున కుక్కతో రాత్రి గడిపిన ఎవరికైనా ఆ ఒక్క వాక్యం చాలు, రెండు వందల ఏళ్ల దూరం పోతుంది.

ఆ శతాబ్దం సగం దాటేసరికి అడవికి వెళ్లడం పని కాకుండా విశ్రాంతి అయింది. 1869లో బోస్టన్ మతబోధకుడు విలియం హెచ్. హెచ్. మరే అడిరాండాక్ సరస్సుల మీద, అక్కడి క్యాంపు జీవితం మీద ఒక పుస్తకం వేశాడు. అది చదివి పట్నవాసులు తండోపతండాలుగా కొండలెక్కారు. ఏ సన్నాహమూ లేకుండా వచ్చి తడిసి ముద్దయిన ఆ జనానికి పత్రికలు ‘మరే మూర్ఖులు’ అని పేరు పెట్టాయి. నాకు వాళ్ల మీద గౌరవమే ఉంది. ఊపిరాడని మిల్లు పట్నాల నుంచి చల్లని నీటి ఒడ్డుకు మొదటిసారి వచ్చినవాళ్లు వాళ్లు. అదే ఏడాది వేసవిలో దేశం మరో కొసన జాన్ మ్యూర్ గొర్రెల మందతో సియెర్రా కొండలెక్కాడు. వెంట కార్లో అనే సెయింట్ బెర్నార్డ్. అది అతని కుక్క కాదు. మైదానపు ఎండకు చచ్చిపోతుందేమోనని భయపడి, దాని యజమాని బతిమాలి అప్పగించాడు. పొదల వెనక ఎలుగుబంటి ఉందని మ్యూర్‌కు సైగ చేసి చెప్పింది కార్లోనే. మొరగకుండా యజమాని పక్కనే నడుస్తూ వాసనతో దారి చూపించే అలాంటి కుక్క అడవికి బరువు కాదు.

అడిరాండాక్‌లో జరిగింది వేరు. అక్కడికి వచ్చిన షికారీలకు జింక కావాలి, అదీ కష్టపడకుండా కావాలి. గైడు తెల్లవారకముందే వేటకుక్కలను కొండ మీద వదిలేవాడు. తరుముతున్న కుక్కలు వాసన పట్టకుండా తప్పించుకోవడానికి జింక తన సహజ బుద్ధికొద్దీ సరస్సులోకి దూకేది. అక్కడ పడవలో కూర్చున్న పెద్దమనిషి ఈదుతున్న జింక పక్కకు పడవ నడిపించుకుని, చేయి చాచితే అందేంత దగ్గర నుంచి కాల్చేవాడు. కొన్నిచోట్ల తెడ్డుతో తలపై కొట్టి చంపేవాళ్లు. ఆ దృశ్యాన్ని 1892లో విన్స్‌లో హోమర్ చిత్రించాడు. పడవలో పడుకుని ఒక కుర్రవాడు జింక కొమ్ములు పట్టుకుని ఉంటాడు, ఎదురుగా కుక్క ఈదుకుంటూ వస్తుంది. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఆ చిత్రం ఇప్పటికీ ఉంది. అందులో నీటి రంగూ నిశ్శబ్దమూ ఎంత అందంగా ఉన్నా చూడబుద్ధి కాదు. కుక్క చేసిన తప్పేమీ లేదు, చేయమన్నది చేసింది. కానీ ఈ పద్ధతిలో జింకల సంఖ్య పడిపోతోందని గైడ్లకే అర్థమైంది. శాసనసభ 1885లో నిషేధం పెట్టి, మరుసటేడే సడలించి, మళ్లీ 1897లో గట్టిగా నిషేధించింది. ఈలోగా 1892లో అడిరాండాక్ పార్కు ఏర్పడింది. 1894లో ఆ అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలన్న మాట రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది. కుక్క మెడకు మొదటి ముడి పడింది ఇక్కడే.

రెండో ముడి యెల్లోస్టోన్‌లో పడింది. 1872లో పుట్టిన ఆ పార్కును 1886 నుంచి సైన్యం చూసుకుంది. సైన్యం హయాంలో, 20వ శతాబ్ది తొలి ఏళ్లలో అచ్చయిన నియమావళిలో కుక్కలకు ఒక విడి నియమం ఉండేది. ప్రయాణంలో కుక్క బండిలో ఉండాలి, లేదా బండి వెనక కట్టి నడిపించాలి. మజిలీ చేసినప్పుడు క్యాంపు హద్దు దాటకూడదు. విడిగా తిరుగుతూ కనిపిస్తే చంపేస్తారు. వినడానికి కటువుగా ఉన్న మాట వాస్తవం. అయితే ఆ రోజుల్లో పార్కులో మిగిలిన అడవిదున్నలు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ. ఎల్క్‌లను, జింకలను వేటాడే దొంగలను పట్టుకోవడానికే సైనికులకు పొద్దు చాలేది కాదు. ఇంకొక వేటగాడిని లోపలికి రానివ్వడానికి వాళ్లు సిద్ధంగా లేరు.

1915 ఆగస్టు 1న యెల్లోస్టోన్‌లోకి కార్లు వచ్చాయి. గుర్రబ్బండి సంపన్నుల సరదాగా ఉన్నంతకాలం క్యాంపులు కొద్దిమందివి. మోడల్ టీ కారు ఆ సరదాను గుమాస్తా ఇంటిదాకా తెచ్చింది. పడుకునే పరుపు, వంటసామాను, పిల్లలు, కుక్క అన్నీ ఒకే కారులో. ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ చెట్ల కింద ఆగేవాళ్లు. కొన్నేళ్లకే పెద్ద చెట్లు పైనుంచి ఎండిపోవడం మొదలైంది. ఎమిలియో మైనెకి అనే చెట్ల రోగ శాస్త్రజ్ఞుడు కారణం వెతికితే, చక్రాలూ పాదాలూ తొక్కి తొక్కి నేలను గట్టిపరిచాయని, వేళ్లకు గాలీ నీరూ అందడం లేదని తేలింది. 1932లో ఆయన ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఒకే దిశలో సాగే వలయాకారపు రోడ్డు, దాని పక్కన కారు ఆపడానికి చీలిన చిన్న దారి, ఆ దారి చివర ఒక కుటుంబానికి ఒక బల్ల, ఒక పొయ్యి, ఒక గుడారపు చోటు. 1933 తర్వాత ఆర్థికమాంద్యంలో పనిలేని యువకులతో ఏర్పడిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ దళాలు దేశమంతటా ఇదే నమూనాలో క్యాంప్‌గ్రౌండ్లు కట్టాయి. నేడు మనం చూసే క్యాంప్‌గ్రౌండు అంటే అదే.

చెట్లను కాపాడిన ఆ నమూనా కుక్క బతుకును కూడా మార్చింది. అంతకుముందు అడవిలో గుడారానికి పొరుగు లేదు. ఇప్పుడు పొరుగు వచ్చింది. పక్క బల్ల మీద పిల్లవాడు రొట్టె తింటుంటాడు, అటుపక్క ఇంకొక కుక్క, కిందికి పోతే అందరూ నీళ్లు ముంచుకునే ఒడ్డు. జింకలను కాపాడటానికి వచ్చిన తాడు, పొరుగువాళ్ల కోసం కూడా అవసరమైంది. నేషనల్ పార్కుల నిబంధనల్లో ఆరడుగుల కొలత స్థిరపడింది. కుక్క మలాన్ని తీసి పారేయడమన్నది మాత్రం అడవికి పట్నం నేర్పిన అలవాటు. 1978లో న్యూయార్క్ ఆ మేరకు చట్టం తెచ్చాక తక్కిన ఊళ్లకూ ఎక్కువగా పాకింది.

ఆ కాలపు మనఃస్థితిని జాన్ స్టైన్‌బెక్ కంటే బాగా చెప్పినవాళ్లు లేరు. 1960లో పికప్ ట్రక్కు మీద చిన్న గది కట్టించుకుని, చార్లీ అనే పూడిల్ కుక్కతో ఆయన దేశం చుట్టాడు. మెయిన్ రాష్ట్రంలో ఒక సరస్సు పక్కన, బంగాళాదుంపలు ఏరడానికి కెనడా నుంచి వచ్చిన కూలి కుటుంబాలు దిగి ఉన్నాయి. వాళ్లతో పరిచయం కావాలని ఆయన ముందు చార్లీని వదిలాడు. తర్వాత కుక్కను వెనక్కి తెచ్చుకునే నెపంతో తానూ వెళ్లాడు. ఆ సాయంత్రం వాళ్లంతా ఆయన ట్రక్కులో అతిథులు. అదే చార్లీ యెల్లోస్టోన్‌లో ఎలుగుబంటిని చూడగానే పిచ్చెత్తినట్టయింది. ట్రక్కు అద్దాల మీద పడి, గొంతు పగిలేలా అరిచి, యజమాని మాట కూడా వినలేదు. స్టైన్‌బెక్ పార్కు చూడటం మానుకుని వెనక్కి తిరిగాడు. ఎంత మంచి కుక్క అయినా సరే, దాని లోపల ఏముందో యజమానికి పూర్తిగా తెలియదని ఆయన నిజాయితీగా రాసుకున్న ఘట్టం అది. తాడు వద్దని వాదించే మిత్రులకు నేను చెప్పేది ఇదే: మీ కుక్క మంచిదే, కానీ ఎలుగుబంటి ఎదురుపడిన రోజు అది మీరెరిగిన కుక్క కాదు. తాడు లేని కుక్క ఎలుగుబంటిని రెచ్చగొట్టి, ప్రాణభయంతో తిన్నగా యజమాని దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, దాని వెనకే ఎలుగుబంటి.

అంతకన్నా బాధాకరమైనది 1981 జులైలో జరిగింది. యెల్లోస్టోన్‌లో సెలెస్టీన్ పూల్ అనే వేడినీటి గుండంలోకి, ట్రక్కులోంచి తప్పించుకున్న ఒక కుక్క దూకింది. దాన్ని రక్షించబోయి యజమాని స్నేహితుడు తానూ దూకాడు. ఆ నీటి వేడి 90 డిగ్రీల సెల్సియస్ పైమాటే. కుక్కా బతకలేదు, మనిషీ బతకలేదు. అతను చేసింది మూర్ఖత్వమని చాలామంది అన్నారు. ప్రేమ ఎంత వేగంగా ఆలోచనను దాటిపోతుందో తెలిసినవాళ్లెవరూ అలా అనరు. కారు తలుపు తీసేముందే తాడు చేతిలో ఉండాలని రేంజర్లు పట్టుబట్టడం ఊరికే కాదు.

సరస్సుల దగ్గర ప్రమాదం ఇంత కళ్లకు కట్టేలా ఉండదు. ఎండాకాలం నీళ్లు వేడెక్కి, పొలాల ఎరువులు కొట్టుకొచ్చి కలిసినప్పుడు, నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు సయనోబాక్టీరియా పేరుకుంటుంది. మనుషులు ఆ నీళ్లు చూసి దిగరు. కుక్క దిగుతుంది, తాగుతుంది, బయటికొచ్చి ఒళ్లంతా నాకి ఆ విషాన్ని మళ్లీ లోపలికి తీసుకుంటుంది. కొన్ని రకాల విషం గంటల్లో నరాలను, కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి. 2020 వేసవిలో జయాన్ పార్కులో, చూడ్డానికి తేటగా పారే వర్జిన్ నదిలోనే ఈ విషం సోకి ఒక కుక్కపిల్ల చనిపోయింది. అప్పటినుంచీ అక్కడి నీటిని పరీక్షించి హెచ్చరికలు పెడుతున్నారు. నీటి రంగు చూసి నమ్మే రోజులు పోయాయి.

టీకాల సంగతి కూడా చెప్పాలి, రేబిస్‌ది ఒక్కటే కాదు. యెల్లోస్టోన్‌లో తోడేళ్లను 1926 నాటికి తుడిచిపెట్టి, మళ్లీ 1995లో కెనడా నుంచి 14 తోడేళ్లను తెచ్చి వదిలారు. 2005లో, 2008లో కుక్కలకూ సోకే డిస్టెంపర్ అనే రోగం వచ్చి వాటి పిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఆ రోగం అడవి జంతువుల మధ్యే తిరుగుతూ ఉంటుంది, దానికి పెంపుడు కుక్కలే కారణమనడం అన్యాయం. కానీ టీకా లేని కుక్క అడవికి రోగాన్ని మోసుకెళ్లగలదు, అక్కడి రోగాన్ని ఇంటికి తేగలదు కూడా.

ఇన్ని ముడుల తర్వాత కూడా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో, యెల్లోస్టోన్ నది ఒడ్డున మొదలైన కేఓఏ ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ల గొలుసు, తర్వాతి కాలంలో చాలాచోట్ల కుక్కలు ఆడుకోవడానికి కంచె వేసిన మైదానాలు పెట్టింది. నేషనల్ పార్కుల్లో కుక్కను సాధారణంగా క్యాంప్‌గ్రౌండు, రోడ్డు, పార్కింగు స్థలం దాటనివ్వరు. నేషనల్ ఫారెస్టుల్లో మాత్రం కాలిబాటల మీద చాలా స్వేచ్ఛ ఉంది. కుక్కతో మొదటిసారి వెళ్లేవాళ్లు పేరున్న పార్కును పక్కనపెట్టి, దాన్ని ఆనుకుని ఉన్న నేషనల్ ఫారెస్టులో గుడారం వేసుకోమని నా సలహా. పార్కు పేరు మీకు గొప్ప, కుక్కకు రోజంతా కారు నీడలో కట్టేసి ఉండటమే మిగులుతుంది. ఇటీవలి ఏళ్లలో చాలా పార్కులు బార్క్ రేంజర్ పేరుతో, నియమాలు పాటిస్తామని మాటిచ్చిన యజమానుల కుక్కల మెడకు చిన్న బిళ్ల కూడా ఇస్తున్నాయి.

చాలా పార్కులకు భిన్నంగా మెయిన్ తీరంలోని అకేడియా వేరే దారిలో నడిచింది. అక్కడ సుమారు 100 మైళ్ల కాలిబాటలూ, 45 మైళ్ల క్యారేజీ రోడ్లూ తాడుతో ఉన్న కుక్కకు తెరిచి ఉన్నాయి. ఆ రోడ్లు 1913 నుంచి 1940 దాకా జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ గుర్రబ్బండ్ల కోసం వేయించినవి, వాటి మీద మోటారు వాహనాలు నిషేధం. వెడల్పుగా, దూరం దాకా ఎదుటివాళ్లు కనిపించేలా, సరస్సుల అంచునే తిరుగుతూ ఉంటాయి. అయినా ఊళ్లకు తాగునీరిచ్చే సరస్సుల్లో కుక్క ఈదకూడదు, ఎకో లేక్ ఒడ్డుకు వేసవిలో రాకూడదు. ఏ నీరు తాగడానికి, ఏ బాట పక్షి గూళ్లకు, ఏ రోడ్డు అందరికీ అన్నది చోటు చోటుకీ ఆలోచించి గీసిన గీతలవి. పార్కు మొత్తాన్నీ ఒకే మాటతో మూసేయడం కంటే ఇది కష్టమైన పని, సిబ్బంది ఎక్కువ కావాలి. పాత గుర్రబ్బండ్ల దారులు, పాడుబడ్డ అటవీ రోడ్లు ఉన్న పార్కులు ఇంకా చాలా ఉన్నాయి. వన్యమృగాలు పిల్లలు పెట్టే కాలం చూసుకుని, వాటిలో కొన్నింటినైనా తాడు పట్టుకున్నవాళ్లకు తెరవాలి.