ఏరు ఏటిగా మారిన కథ

హొళగుందలో శ్రీనివాస్ అనే ఆయనకు అంగడి ఉందనుకోండి. తెలుగువాళ్లకు అది 'శ్రీనివాసు అంగడి'. అదే వీధిలో కన్నడం మాట్లాడేవాళ్లకు 'శ్రీనివాసన అంగడి'. అంగడి ఇద్దరికీ ఒకటే, మనిషికీ అంగడికీ వేసే ముడే వేరు. ఇంగ్లీషులోనైతే పేరు చివర ఎస్ వచ్చిందంటే ఇంకో ఎస్ చేర్చాలా, పైన చిన్న కొమ్ము పెట్టి ఊరుకోవాలా అన్న తగువు నేటికీ తెగలేదు.

మనకు ఆ తగువు లేదు కానీ అంతకన్నా లోతైన చిక్కు ఉంది. ఊరు చెరువు అనం, ఊరి చెరువు అంటాం. మరి ఏరు నీళ్లు 'ఏరి నీళ్లు' కాకుండా 'ఏటి నీళ్లు' ఎందుకయ్యాయి? నూరు 'నూటికి' ఎలా అయింది?

1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీ నాటికి దక్షిణాది భాషలన్నీ సంస్కృతం పిల్లలేనన్నది పండితుల మాట. కానీ 'రాముడి' అనడానికి సంస్కృతం వాడే 'రామస్య'ను ఎంత తిరగేసినా 'ఏటి' పుట్టదు. 1816లో మద్రాసులో ఎ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దాని ముందుమాటకు ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ చేర్చిన వివరణ దారి మళ్లించింది: తెలుగు, తమిళం, కన్నడం ఒకే ఇంటి తోబుట్టువులు, ఆ ఇల్లు సంస్కృతానిది కాదు. మూడేళ్లకే ఎల్లిస్ రామనాథపురంలో హఠాత్తుగా కన్నుమూశాడు. ఆయన రాతప్రతులు చాలావరకు దక్కలేదు. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాంబెల్ ఆ తర్వాత బళ్లారి కలెక్టరయ్యాడు. మన హొళగుంద ఉన్న ఆదోని సీమ అప్పుడు బళ్లారి జిల్లాలోదే. 1823లో ఆయన లెక్క తీస్తే జిల్లాలో 533 బడులు, వాటిలో 235 కన్నడం, 226 తెలుగు. రెండు నుడులూ ఇంత సరిసమానంగా పెరిగిన నేల ఇది.

1856లో కాల్డ్వెల్ అనే పండితుడు ఈ దక్షిణాది భాషల విభక్తుల్ని పక్కపక్కన పేర్చి చూశాడు. మరో రెండేళ్లకు చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. ఊరి, ఏటి లాంటి మాటల చివర వచ్చే ఇ, టి, తి లకు 'ఔపవిభక్తికాలు' అని అందులో పేరుంది. పేరైతే దొరికింది, కారణం దొరకలేదు.

ఆ కారణం పాత అక్షరంలో దాగి ఉంది. మన ఏరు ఒకప్పుడు 'ఏఱు', నూరు 'నూఱు', బండి ఱ తో. తమిళంలో నది 'ఆఱు', నది నీళ్లు 'ఆఱ్ఱు నీర్'. వాళ్ల నోట జంటగా నిలిచిన ఆ ఱ్ఱ మన నోట 'ట' అయింది. ఊరిలో ఉన్నది మామూలు ర. అందుకే అది ఊరిగానే మిగిలింది. తప్పులా కనబడ్డ మాటే తోబుట్టువుల ఆనవాలు పట్టిచ్చింది.

మీ పిల్లలు 'ఏరు నీళ్లు' అంటే 'ఏటి నీళ్లు' అని దిద్దండి. ఎందుకో కూడా చెప్పండి.